ప్రత్యక్ష ప్రసారముల రికార్డులు: వానిని తరలించి కాపాడు విధము

పాఠశాల వార్షికోత్సవమును నేడు ప్రాంగణమున కూర్చుండి చూచువారు కొందరు, దూరమున నుండి చూచువారు కొందరు. బొమ్మిడి స్టేషనులో రైలెక్కి సేలమునకో, తిరుప్పూరునకో, బెంగుళూరునకో పనికై పోయిన తండ్రి, తన కుమార్తె తెలుగు పద్యము చదువుటను చేతనున్న ఫోనులో అదే క్షణమున చూడగలుగుచున్నాడు. దీనికి ప్రత్యక్ష ప్రసారమని పేరు. వాడుకలో లైవ్ అందురు. ఉత్సవము ముగిసిన పిమ్మట ఆ దృశ్యము ఎచ్చట నుండును? ఎంతకాలముండును? ఎవరి అధీనమున నుండును? దానిని ఒక వేదికనుండి మరొక వేదికకు చేర్చుట యెట్లు? ఈ ప్రశ్నలకు తల్లిదండ్రులకు సులభముగా బోధపడునట్లు సమాధానములు చెప్పుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మేము చెప్పదలచిన ముఖ్యాంశమును మొదటనే మనవి చేయుచున్నాము. ప్రసారము చేసిన చోటు వేరు, భద్రపరచు చోటు వేరు. ఫేస్‌బుక్కుగాని, యూట్యూబుగాని మన దృశ్యములను నలుగురికి చూపు సాధనములే. వానిని కాపాడు బాధ్యత మాత్రము మనది. కావున రికార్డును మొదట మన చేతికి తెచ్చుకొనవలెను, సరిచూచుకొనవలెను, ఆ పిమ్మటనే మరొక వేదికకు పంపవలెను.

ముప్పది దినముల గడువు

ఈ విషయమును ఇప్పుడు వ్రాయుటకు ఒక కారణము కలదు. ఫేస్‌బుక్కులో ప్రత్యక్ష ప్రసారము చేసినచో, దాని రికార్డు ఆ పుటయందే యుండిపోవుట పూర్వము వాడుక. చిన్న సంఘములును, దేవాలయములును, పాఠశాలలును తమ ఉత్సవములను అందే ప్రసారము చేసి, అందే విడిచి, కావలసినపుడు చూచుకొనుచుండెడివి. 2025వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీనుండి ఆ సంస్థ నియమమును మార్చినది. ఆ దినము మొదలు చేసిన ప్రతి ప్రసారముయొక్క రికార్డును 30 దినములు మాత్రమే చూడవచ్చును, పంచుకొనవచ్చును, దింపుకొనవచ్చును. ముప్పది దినములు గడచినంతనే అది తనంతట తొలగిపోవును.

అంతకు పూర్వపు రికార్డులనుకూడ విడతలవారీగా తొలగింతుమని సంస్థ ప్రకటించినది. తొలగించుటకు ముందు ఖాతాదారునకు తెలియజేసి, దింపుకొనుటకు 90 దినముల వ్యవధి నొసగినది. కోరినవారికి ఆరు నెలలవరకు వాయిదాకూడ నిచ్చినది. ప్రత్యక్ష ప్రసారములను జనులు మొదటి కొన్ని వారములలోనే ఎక్కువగా చూతురనియు, తరువాత చూచువారు తక్కువనియు ఆ సంస్థ చూపిన హేతువు.

ఈ హేతువు వ్యాపారమునకు సరిపోవచ్చును. పాఠశాలకు సరిపోదు. ఐదవ తరగతి బాలుడు నేడు చేసిన ప్రసంగమును రేపు చూచువారు పదిమందియే కావచ్చును. ఆ బాలుడు ఇరువది యేండ్ల తరువాత దానిని తన బిడ్డలకు చూపగోరును. చూచువారి సంఖ్యనుబట్టి దాని విలువను కట్టుట మన పని కాదు.

నియమములు మారుట కొత్త కాదు

ఒక్క ఫేస్‌బుక్కే ఇట్లు చేసినదని తలపరాదు. గూగుల్ సంస్థ 2005లో గూగుల్ వీడియో అను వేదికను ప్రారంభించినది. 2006లో యూట్యూబును కొన్నది. 2009లో గూగుల్ వీడియోయందు కొత్త దృశ్యములను స్వీకరించుట మానినది. 2011 ఏప్రిల్‌లో, ఇక ఆ దృశ్యములు కనబడవు, దింపుకొనుడని ప్రకటించినది. తరువాత ఆ ప్రకటనను సడలించి, మిగిలినవానిని యూట్యూబునకు చేర్చు ఏర్పాటు చేసి, 2012లో ఆ వేదికను మూసివేసినది. ట్విట్టర్ సంస్థవారి పెరిస్కోప్ అను ప్రత్యక్ష ప్రసార వేదిక 2015లో పుట్టి, 2021 మార్చి 31న మూతపడినది. ఆటల ప్రసారములకు పేరెన్నికగన్న ట్విచ్ వేదికయందు సామాన్య ఖాతాదారుని రికార్డు ఏడు దినములు మాత్రమే నిలుచును; ఎన్నుకొని దాచుకొన్న భాగములకును 2025 ఏప్రిల్ 19నుండి మొత్తము 100 గంటల పరిమితి విధింపబడినది. మన దేశమున 2020 జూన్ 29న ప్రభుత్వపు ఉత్తరువుచే టిక్‌టాక్ నిషిద్ధమై, అందు వేలకొలది తెలుగువారు పెట్టుకొన్న దృశ్యములు చూచుటకు వీలులేకపోయెను.

యూట్యూబు సైతము ఇందుకు మినహాయింపు కాదు. లింకు తెలిసినవారు మాత్రమే చూడగల అన్‌లిస్టెడ్ అను పద్ధతిలో 2017 జనవరి 1కి పూర్వము పెట్టిన దృశ్యములను, 2021 జూలై 23న ఆ సంస్థ ఖాతాదారునకు మాత్రమే కనబడునట్లు మార్చినది. ముందుగా తెలిసికొని వలదని తెలిపినవారి దృశ్యములు మాత్రము యథాతథముగా నిలిచినవి. ఆ లింకులను దాచుకొన్న తక్కినవారికి దృశ్యములు తెరచుకొనవాయెను.

ఈ సంస్థలను నిందించుట మా అభిప్రాయము కాదు. అద్దె యింటిలో మన పెట్టె యున్నంతమాత్రమున ఇల్లు మనది కాదు. ఇంటి యజమాని ఖాళీ చేయుమన్న నాడు పెట్టెను ఎత్తుకొని పోవుటకు సిద్ధముగా నుండుట కాపురస్తుని వివేకము.

పూర్వులు చూపిన త్రోవ

తరలించి కాపాడుట తెలుగువారికి తెలియని విద్య కాదు. తాటియాకు ఎంత మంచిదైనను పురుగునకును, తేమకును లోబడును. కావుననే మన పూర్వులు ఆకు శిథిలము కాకముందే కొత్త ఆకులపై మరియొక ప్రతి వ్రాసికొనుచుండిరి. నేడు మనము చదువుచున్న ప్రాచీన కావ్యములన్నియు ఇట్లు చేతులు మారి వచ్చినవే. కవులు స్వహస్తములతో వ్రాసిన మొదటి ప్రతులు మనకు దక్కినవి బహు అరుదు. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయమున నేటికిని తెలుగు వ్రాతప్రతులు నిలిచియున్నవి. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 19వ శతాబ్దమున పండితులను నియమించి, ఒకే గ్రంథమునకు పలు ప్రతులు సేకరించి, ఒకదానితో నొకటి సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. తిరుమలలో అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి శతాబ్దములు నిలిచినను, 20వ శతాబ్దమున పండితులు వానిని కాగితముపైకి ఎత్తి వ్రాసి అచ్చొత్తించిన పిమ్మటనే అవి యింటింటికి చేరినవి. రాగియైనను ప్రతి లేనిదే జనులకు అందలేదు.

మన ప్రాంతమునకే చెందిన ఉదాహరణ మరొకటి కలదు. ధర్మపురి, కృష్ణగిరి సీమలకు పూర్వము బారామహలు అని పేరు. 1792లో ఇది ఈస్టిండియా కంపెనీ వశమైనపుడు అలెగ్జాండరు రీడు దొర అధికారిగా వచ్చి 1799వరకు పాలించెను; థామస్ మన్రో ఆయనకు సహాయకులలో నొకడు. వారి కాలపు కాగితములను, రమారమి నూరేండ్ల పిమ్మట, 20వ శతాబ్ది ఆరంభమున మదరాసు ప్రభుత్వమువారు బారామహలు రికార్డులను పేరుతో సంపుటములుగా అచ్చొత్తించిరి. చేతివ్రాత కట్టలు అచ్చుపుస్తకములై నందుననే ఆ కాలపు మన సీమ సంగతులు నేడు పరిశోధకులకు అందుబాటులోనున్నవి.

ఈ వ్రాతపనియందు మూడు నియమములుండెడివి. ప్రతి ఎత్తుట మొదటిది. మూలముతో సరిచూచుట రెండవది. చివర లేఖకుని పేరు, సంవత్సరము, తిథి, ఊరు వ్రాయుట మూడవది. ఈ మూడు నియమములే నేటి వీడియోలకును వర్తించునని తల్లిదండ్రులు గుర్తుంచుకొన్నచో, తక్కినదంతయు సుళువుగా బోధపడును.

ఏమి కాపాడవలెను?

ప్రతి వీడియోను శాశ్వతముగా దాచనక్కరలేదు. మా అభిప్రాయమున మూడు తెగలవానిని విధిగా దాచవలెను.

మొదటిది, పాఠములు. 2020 మార్చిలో కోవిడు వ్యాధి కారణముగా పాఠశాలలు మూతపడినపుడు, తమిళనాడు ప్రభుత్వమువారి కల్వి తొలైక్కాట్చి ద్వారా పాఠములు ప్రసారమైనవి. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరిలో విద్యావారధి అను పేరనూ, తెలంగాణలో 2020 సెప్టెంబరు 1నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారానూ తెలుగు పాఠములు వచ్చినవి. కాని తమిళనాట తెలుగు మాధ్యమమున చదువు పిల్లలది ఈ రాష్ట్రపు పాఠ్యప్రణాళిక. ఆంధ్ర తెలంగాణముల పాఠము తెలుగే యైనను మన పుస్తకముతో అక్షరాల కలియదు. మన పుస్తకమునుండి, మన తెలుగులో, మన ఉపాధ్యాయుడు చెప్పిన పాఠము మరొకచోట దొరకదు. అట్టి దానిని పోగొట్టుకొన్నచో తిరిగి కొనుటకు అంగడి లేదు.

రెండవది, పెద్దల మాట. మన యిండ్లలోని తెలుగు గుంటూరు తెలుగు కాదు, వరంగల్లు తెలుగును కాదు. తరతరములుగా తమిళముతోను, కన్నడముతోను ఇరుగుపొరుగుగా మెలగిన తెలుగు. తాతలు, అవ్వలు సభలో లేచి నాలుగు మాటలు చెప్పినపుడు వినబడు పలుకుబడి పుస్తకములలో లేదు. సేద్యపు మాటలు, చుట్టరికపు మాటలు, సామెతలు వారి నోటనే యున్నవి.

మూడవది, పిల్లల ప్రదర్శనలును, సంఘ సభలును. రాజ్యాంగముయొక్క 30వ అనుచ్ఛేదము భాషాల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలను నెలకొల్పి నడుపుకొను హక్కు నొసగినది. 1956లో ఏడవ సవరణద్వారా చేరిన 350-ఏ అనుచ్ఛేదము ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధనకు వసతులు కల్పింపవలెనని చెప్పుచున్నది. తమిళనాట 2006వ సంవత్సరపు తమిళ అభ్యసన చట్టము వలన మన పిల్లలు తమిళమును విధిగా నేర్చుచున్నారు, నేర్వవలసినదే. ఇట్టి స్థితిలో తెలుగు బోధన ఎట్లు సాగుచున్నదో చూపు సాక్ష్యము ఈ దృశ్యములయందున్నది. అర్జీలో వ్రాసిన వాక్యముకంటె, తరగతిలో పిల్లలు తెలుగు చదువుచున్న దృశ్యము బలముగా మాటలాడును.

తరలించు విధము

ఇక పనిలోనికి వత్తము. ఫేస్‌బుక్కులోని రికార్డును యూట్యూబునకు చేర్చుటను ఉదాహరణముగా గైకొందము.

మొదటి మెట్టు: పట్టిక. ఒక నోటుపుస్తకమున తేదీ, ఉత్సవము పేరు, ఎవరి ఖాతాలో నున్నది, ఎంత నిడివి, గడువు ఎన్నడు ముగియును అను అయిదు గడులు గీసి నింపవలెను. గడువు దగ్గరపడిన దానిని ముందు తరలించవలెను.

రెండవ మెట్టు: దింపుకొనుట. ప్రసారము చేసిన ఖాతాలోనికి ప్రవేశించి, ఆ వీడియోను తెరచి, దాని మూలనున్న మూడు చుక్కల గుర్తును నొక్కిన డౌన్‌లోడు అను మాట కనబడును. ఈ పని ఖాతాదారుడే చేయవలెను. లింకు ఇచ్చిన చాలును, మేము దింపి యిత్తుమని చెప్పు అపరిచిత స్థలములను ఆశ్రయింపరాదు. ఎవరికిని రహస్యపదమును తెలుపరాదు. రికార్డును నేరుగా గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ వంటి నిలువ స్థలములకు పంపు సౌకర్యమునుకూడ ఫేస్‌బుక్ కల్పించినది. అట్లు పంపినపుడు ఒక సంస్థ యంత్రమునుండి మరొక సంస్థ యంత్రమునకు పోవునుగనుక మన ఫోనులోని డేటా ఖర్చు కాదు.

మూడవ మెట్టు: సరిచూచుట. దింపుకొన్న వీడియోయొక్క నిడివి, మూలపు నిడివి ఒకటిగా నున్నవో లేదో చూడవలెను. ఆదియందు, నడుమ, చివర అయిదేసి నిమిషములు నడిపించి, చిత్రము ఆగిపోకుండుటను, మాట పెదవులతో కలియుటను గమనింపవలెను. నడుమనే తెగిపోయిన ప్రతి చూచుటకు పూర్ణముగానే కనబడును. చివరికి పోయి చూచినగాని తెలియదు.

నాలుగవ మెట్టు: మరొక ప్రతి. సరిచూచిన పిమ్మట దానిని హార్డ్ డిస్కులోనికి ఎక్కింపవలెను. ఇది ముగియనిదే అయిదవ మెట్టునకు పోరాదు.

అయిదవ మెట్టు: ఎక్కించుట. యూట్యూబున కొత్త ఖాతాదారుడు 15 నిమిషముల వీడియోను మాత్రమే ఎక్కింపగలడు. ఫోను సంఖ్యద్వారా ఖాతాను ధ్రువపరచినచో 12 గంటలు లేక 256 జీబీ, ఏది తక్కువయైన అంతవరకు ఎక్కింపవచ్చును. మొదట ప్రైవేట్ అను పద్ధతిలో ఎక్కించి, మనమే చూచి, లోపము లేదని తెలిసిన పిమ్మట ఇతరులకు కనబడునట్లు మార్చుట మంచిది. ఎక్కిన వెంటనే చిత్రము మసకగా నున్నచో భయపడనక్కరలేదు. యంత్రము దానిని స్పష్టరూపమున సిద్ధపరచుటకు కొంత వ్యవధి పట్టును.

ఆరవ మెట్టు: వివరము వ్రాయుట. ఇది తాళపత్ర లేఖకుని చివరి మాట వంటిది. యూట్యూబున ఎక్కించిన తేదీయే పైకి కనబడును. ఉత్సవము జరిగిన తేదీ కనబడదు. కావున శీర్షికయందే తెలుగులిపిలో ఉత్సవము పేరు, పాఠశాల, ఊరు, సంవత్సరము వ్రాయవలెను. క్రింద వివరమున ఎన్నవ నిమిషమున ఏ కార్యక్రమమున్నదో గుర్తింపవలెను. మూడు గంటల వీడియోలో తన బిడ్డను వెదకు తల్లికి ఆ ఒక్క వరుస ఎంతయో ఉపకారము.

ఒక లెక్క

పనికి ముందు లెక్క వేసికొనుట పాఠశాలవారికి అలవాటు. సామాన్యమైన స్పష్టతగల 720పి ప్రసారము సెకనుకు 2.5 మెగాబిట్ల వేగమున సాగినదనుకొందము. గంటకు 3,600 సెకనులు. రెంటిని గుణించిన 9,000 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక, ఎనిమిదిచే భాగించిన 1,125 ఎంబీ. అనగా గంటకు రమారమి 1.1 జీబీ. మూడు గంటల వార్షికోత్సవమునకు 3,375 ఎంబీ.

ఫోనులో దినమునకు 1.5 జీబీ మాత్రమే దొరకునట్టి కుటుంబమునకు దీనిని దింపుటకు మూడు దినములు, తిరిగి ఎక్కించుటకు మూడు దినములు పట్టును. ముప్పదిలో ఆరు దినములు ఇందుకే చెల్లును. కావున గడువు చివర రెండు దినములలో చూచుకొందమనుట పనికిరాదు. తీగద్వారా వచ్చు ఇంటర్నెట్టు కలిగి, ఎక్కించు వేగము సెకనుకు 10 మెగాబిట్లున్నచో 27,000 మెగాబిట్లను 2,700 సెకనులలో, అనగా 45 నిమిషములలో ఎక్కింపవచ్చును. అదే వేగము 2 మెగాబిట్లైనచో మూడు గంటల నలువదియైదు నిమిషములు. ఏ యింట మంచి సౌకర్యమున్నదో తెలిసికొని అచ్చట పని సాగించుట మేలు. గూగుల్ ఖాతాతో ఉచితముగా వచ్చు నిలువ 15 జీబీ. ఇట్టి ఉత్సవములు నాలుగు మాత్రమే అందు పట్టును. ఆ 15 జీబీలోనే ఉత్తరములు, ఛాయాచిత్రములుకూడ చేరునని మరువరాదు.

1 టీబీ హార్డ్ డిస్కులో ఈ లెక్కన సుమారు 880 గంటలు పట్టును. ఏటికి ఇరువది గంటల చొప్పున దాచినచో నలువది నాలుగేండ్లకు చాలును. కాని డిస్కు అంతకాలము బ్రదుకదు. అయిదారేండ్లకొకమారు కొత్త డిస్కునకు మార్చుకొనవలెను. తాటియాకు మార్చినట్లే ఇదియు.

తరలిరానివి కొన్ని

దృశ్యమును తరలించినను, దానితో పాటు రానివి కొన్ని గలవు. ప్రసార సమయమున దూరపు బంధువులును, పూర్వవిద్యార్థులును వ్రాసిన ఆశీర్వచనములు పాత పుటయందే నిలిచిపోవును. చూచినవారి సంఖ్య రాదు. పాత లింకు పనిచేయదు. కావున తొలగకముందే ఆ మాటలను నోటుపుస్తకమునకు ఎత్తి వ్రాసికొనుట, ఆహ్వానపత్రికలలోను, ఫోను గుంపులలోను పంపిన పాత లింకులకు బదులు కొత్త లింకులను పంపుట అవసరము.

ఇంకొక సంగతి. ప్రతినుండి ప్రతి తీసికొలది స్పష్టత తగ్గుచుండును. ఏలయన ప్రతి వేదికయు తనకు పంపిన దృశ్యమును మరల కుదించి దాచుకొనును. యూట్యూబు స్టూడియోనుండి మన వీడియోను మనమే తిరిగి దింపుకొన్నను 720పి కంటె హెచ్చు స్పష్టత రాదు. వాట్సాపున వీడియోగా పంపిన ఇంకను మసకబారును. పంపక తప్పనిచో డాక్యుమెంటు రూపమున పంపవలెను, అందును 2 జీబీ మించరాదు. అన్నింటికంటె ఉత్తమమైనది, ప్రసారము చేయునపుడే మరియొక కెమేరాలోగాని, కంప్యూటరులోగాని రికార్డు చేసికొనుట. అదియే మూలప్రతి, తక్కినవి దాని ప్రతులు.

సినిమా పాటల చిక్కు

ఫేస్‌బుక్కులో చిక్కు లేక సాగిన ఉత్సవము యూట్యూబునకు పోగానే అభ్యంతరము రావచ్చును. పిల్లల నృత్యమునకు సినిమా పాట వేయుట సామాన్యము. ఆ పాటపై హక్కు ఒక సంగీత సంస్థకుండును. యూట్యూబులోని కంటెంట్ ఐడి అను యంత్రము ఎక్కించిన ప్రతి వీడియోను పరీక్షించి, హక్కుదారుల పాటలను పసికట్టును. ఆ మీదట హక్కుదారుని ఇచ్చవలన ప్రకటనల ఆదాయము వారికి పోవుటయో, వీడియో కనబడకుండుటయో జరుగును. అట్టి అభ్యంతరము వచ్చినంతనే కలతపడి వీడియోను తుడిచివేయరాదు. ఆ పాట భాగమును మాత్రము కత్తిరించుటకు, లేక అందలి శబ్దమును ఆపుటకు స్టూడియోలోనే సాధనములు గలవు. పూర్ణప్రతి మన డిస్కులో భద్రముగా నుండునుగనుక నష్టము లేదు. ఇకమీద పిల్లలే పాడిన పద్యములు, జానపదములు, కోలాటము పాటలు ఎక్కువ చేర్చినచో ఈ చిక్కును తగ్గును, తెలుగును పెరుగును.

బిడ్డల క్షేమము

తరలించుటకంటె ముందు ఆలోచింపవలసినది ఇది. కాపాడుట వేరు, అందరికి చూపుట వేరు. యూట్యూబున మూడు పద్ధతులున్నవి. పబ్లిక్ అనిన ఎవరైనను చూడవచ్చును. అన్‌లిస్టెడ్ అనిన లింకు కలవారు చూడవచ్చును. లింకు చేతులు మారిన వారును చూడవచ్చును. ప్రైవేట్ అనిన మనము పిలిచినవారే చూడగలరు. తరగతి పాఠములు, పెద్దల ప్రసంగములు పబ్లిక్‌గా నుండవచ్చును. పిల్లల ముఖములు, పేర్లు స్పష్టముగా తెలియు వీడియోలను తల్లిదండ్రుల సమ్మతి లేక అందరికి కనబడునట్లు పెట్టరాదని మా దృఢాభిప్రాయము.

చట్టముకూడ ఇటువైపే నడచుచున్నది. 2023వ సంవత్సరపు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టము పదునెనిమిది యేండ్లు నిండనివారిని బాలలుగా ఎంచి, వారి వివరములను వినియోగించుటకు తల్లిదండ్రుల ధ్రువపరచిన సమ్మతి కావలెనని విధించినది. దాని నియమావళి 2025 నవంబరులో ప్రకటింపబడినది. అందలి విధులు దశలవారీగా అమలునకు వచ్చునట్లు ఏర్పరుపబడినవి. యూట్యూబుకూడ 2025 జూలై 22నుండి, పదునారేండ్లు నిండనివారు పెద్దల తోడు లేక ప్రత్యక్ష ప్రసారము చేయరాదని నియమించినది. కావున ఫోను పిల్లల చేతికిచ్చి లైవ్ పెట్టుమనుట ఇక తగదు.

ఎవరి ఖాతా?

రికార్డులు నశించుటకు కారణము ఎల్లప్పుడు సంస్థల నియమమే కాదు. చాల తావుల ప్రసారము ఒక ఉపాధ్యాయుని సొంత ఫోనునుండియో, ఒక సభ్యుని సొంత ఖాతానుండియో జరుగును. ఆయన పదవీ విరమణ చేయును, లేదా ఊరు మారును; రహస్యపదము ఆయనతో పోవును. గూగుల్ సంస్థ రెండేండ్లు వాడని సొంత ఖాతాలను, వానిలోని నిలువతోకూడ, 2023 డిసెంబరునుండి తొలగించుట మొదలిడినది. యూట్యూబు వీడియోలున్న ఖాతాలను అప్పటికి మినహాయించినను, డ్రైవులో దాచినవానికి ఆ రక్షణ లేదు.

కావున ఖాతా సంఘము పేర నుండవలెను. కనీసము ఇద్దరికి నిర్వాహకాధికారముండవలెను. వారిలో ఒకరు తల్లిదండ్రుల ప్రతినిధియైన మేలు. పాఠశాలలో బీరువా తాళము, హాజరుపట్టీ ఒకరినుండి మరొకరికి అప్పగించునట్లే, ఖాతా వివరములును డిస్కునుగూడ వ్రాతమూలముగా అప్పగించుకొనవలెను. మూడు ప్రతులుండవలెననుట ఈ విద్యలో ఆరితేరినవారు చెప్పు సూత్రము: ఒకటి వేదికపై, ఒకటి పాఠశాల డిస్కులో, ఒకటి వేరొక యింట. ఒక చోట వర్షపునీరు చొచ్చినను, చెదలు పట్టినను, దొంగలు పడినను, తక్కిన ప్రతి మిగులును. సంవత్సరమునకొకమారు, వార్షిక పరీక్షల సెలవులలో, డిస్కును తెరచి వీడియోలు నడుచుచున్నవో లేదో చూడవలెను.

తల్లిదండ్రులకు మనవి

ఈ పనిలో తల్లిదండ్రుల సహాయము లేనిదే పాఠశాల ఒంటిగా ఏమియు చేయజాలదు. మేము నాలుగు విషయములు కోరుచున్నాము.

ఒకటి, మీ ఫోనులలో పాఠశాల ఉత్సవములు, 2020, 2021 సంవత్సరములనాటి పాఠములు ఏవైన నున్నచో తుడిచివేయక, ముందు పాఠశాలకు తెచ్చి డిస్కులోనికి ఎక్కించుడు. రెండు, ఏదైన ప్రసారము మీ ఖాతానుండి జరిగియున్నచో, ముప్పది దినములు నిండకముందే దింపుకొనుడు. మూడు, పాత వీడియోలలో కనబడు పెద్దల పేర్లు, ఊళ్లు, వారు చెప్పిన మాటల సందర్భములు వ్రాసి యిండు. నేడు వారిని గుర్తింపగల మీరే రేపటి పుస్తకమునకు ఆధారము. నాలుగు, మీ బిడ్డ దృశ్యమును ఎవరికి చూపవచ్చునో, ఎవరికి చూపరాదో సమ్మతిపత్రమున స్పష్టముగా తెలుపుడు. వలదని వ్రాసిన తల్లిదండ్రులను మేము మరల అడుగము. వారి కోరికను మన్నింతుము.

ఇంటియందు అవ్వయో తాతయో యున్నచో, ప్రసారముతో పనిలేకయే, వారిచేత ఒక కథయో, పొలము మాటలో చెప్పించి రికార్డు చేసి, వారి సమ్మతితో పాఠశాలకు ఇచ్చినచో ఎంతయో సంతోషింతుము. పిల్లలు తెలుగు చదువుట మనము నేర్పగలము. ఆ పెద్దల నోటి తెలుగును వినిపించుటకు మాత్రము వారి గొంతు కావలెను. అది ఏ వేదికపై నున్నను, దాని ప్రతి యొకటి బి. మల్లాపురమున మన బీరువాలో నుండవలెనని మా కోరిక.